సూది ఒకచోట, బొంత ఇల్లంతా

మా అవ్వ బొంత కుట్టేటప్పుడు బొంత మీదే కూర్చునేది. మిద్దె మీద నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులకు ఇటుకలు పెట్టి, నడిమధ్యలో కాళ్ళు చాపుకునేది. ఎడమచేత్తో గుడ్డను తడుముతూ, కుడిచేత్తో నాలుగైదు పోట్లు వరసగా సూది మీదికి ఎక్కించుకుని ఒక్కసారే దారం లాగేది. జానెడు కుట్టాక కూర్చున్న చోటి నుంచే కొంచెం జరిగేది. పొద్దున నడుమ కనబడిన మనిషి సాయంత్రానికి ఏదో ఒక అంచు దగ్గర ఉండేది. బొంత మాత్రం పరిచిన చోటే ఉండేది.

కుట్టుమిషను వచ్చి దీన్ని తిరగేసింది. సూది ఒక్కచోటే లేస్తూ దిగుతూ ఉంటుంది. మనిషి స్టూలు మీద నుంచి కదలదు. ఇక కదలాల్సింది బొంతే. తొంభై అంగుళాల వెడల్పు, నూరంగుళాల పైన పొడవు ఉన్న గుడ్డంతా ఆ ఒక్క సూది కింద వరస వరసకూ నడిచి పోవాలి. పోయిన గుడ్డ, పోవాల్సిన గుడ్డ రెండూ ఎక్కడో ఒకచోట ఆగాలి కూడా. రేణిగుంటలో మేముండే వాటాలో మిషను పెట్టిన గది పొడవు పదడుగులు, వెడల్పు తొమ్మిది. అందులో మంచం, బీరువా, అమ్మ మందుల బల్ల.

పోయిన చలికాలం ఆ గదిలోనే అవ్వ చీరలు నాలుగింటిని ఒక డబుల్ కాట్ బొంతగా కుట్టాను. నెల రోజులు పట్టింది. మొదటి వారం కుట్టినదంతా విప్పేశాను. మా వీధిలోనే నలుగురైదుగురు ఆడవాళ్ళు అమ్మల చీరలో, అత్తల చీరలో మూటగట్టి బీరువా మీద పెట్టుకుని ఉన్నారు. కుట్టొచ్చు కదా అంటే అందరిదీ ఒకటే మాట: “అంత పెద్దది మిషను మీద యాడ పడతాది?” పడుతుంది. ఎట్లా పడుతుందో చెప్పాలనే ఇదంతా.

ఒక చీర, ఒక మంచం

ఎంత గుడ్డ కావాలో కాగితం మీద లెక్క వేస్తున్నప్పుడు ఒక సంగతి బయటపడి ఒళ్ళు జలదరించింది. నూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. దాన్ని అడ్డంగా సగానికి చించి, రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి అంచులు కలిపితే 108 అంగుళాల పొడవు, 90 అంగుళాల వెడల్పు. ఇద్దరు పడుకునే మంచం నిండి, పక్కలకు కాస్త జారేంత. అంటే ఒక చీర ఒక పొర. నాలుగు చీరల బొంత, ఆరు చీరల బొంత అని అవ్వ చెప్పేది పొరల లెక్కే అని నాకు అప్పుడు తెలిసింది. ఆమె చేతిలో కొలతపట్టీ నేనెప్పుడూ చూడలేదు.

అన్ని పొరల అతుకులూ నడుమనే పడితే అక్కడ గట్టు లేస్తుంది, సూది తడబడుతుంది. అందుకని పైపొరకు అతుకు నడుమ వేసి, దాని కింది పొరలో ఒక సగాన్ని మధ్యన ఉంచి, రెండో సగాన్ని నిలువునా చించి ఇరుపక్కలా అతికాను. అట్లా పొర విడిచి పొర. చీరలన్నీ నూలువే తీసుకున్నాను. అవ్వ మూటలో పాలిస్టర్ చీరలు కూడా ఉన్నాయి, వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం కూడా. కానీ నూలు ఉతికే కొద్దీ కుంచించుకుపోతుంది, పాలిస్టర్ కుంచించుకుపోదు. రెండూ కలిపి కుడితే మొదటి ఉతుకుకే బొంత బుడగలు కడుతుంది. నూలు చీరలనైనా ముందే వేడినీళ్ళలో ఒకసారి జాడించి ఆరేయాలి.

ఆ తర్వాతి పని అమ్మది. “గంజి పెట్టకుండా అంత మెత్తటి గుడ్డ ఎట్లా కుడతావు పాపా? జారిపోతాది” అని, అన్నం వార్చిన గంజిని పలచన చేసి నాలుగు చీరలకూ పట్టించింది. అమెరికాలో మన బొంతల్లాంటి క్విల్టులను మిషను మీద కుట్టేవాళ్ళు అడుగు పొరకు గంజి స్ప్రే కొట్టి బిగువు తెప్పిస్తారు. గంజి పట్టిన గుడ్డ పొర పొర మీద జారదు, ముడత పడదు, మిషను కింద కాగితంలా నడుస్తుంది. నెల రోజుల పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ సాయపడింది అమ్మ పోసిన ఆ గంజే. మాకు నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన. గంజి చీరలు ఆరడానికి మూడు రోజులు తీసుకున్నాయి. ఈ పని పెట్టుకునేవాళ్ళు వానలు తగ్గాక, సంక్రాంతికి ముందు మొదలుపెట్టడం మేలు.

పరచడం మాత్రం మిద్దె మీదే. గదిలో నేల కనిపించేంత చోటు లేదు. పొద్దున ఆరింటికి పొరలు ఒకటొకటిగా పరిచి, నడుమ నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ గాలి తీసేశాం. పెద్దపెద్ద కచ్చాకుట్లు, జానెడుకొక వరస, అవీ నడుమ నుంచే మొదలు. పిన్నీసులతో సరిపెట్టుకోవచ్చని చాలామంది అంటారు. ఇంత పెద్ద దానికి నూరు, నూటయాభై కావాలి. అవన్నీ బరువు, సూదికి అడ్డం. దారమే నయం. అమ్మ ఒక పక్క నుంచి, నేను ఒక పక్క నుంచి కుట్టుకుంటూ వస్తే ఎండ ఎక్కేలోగా అయిపోయింది.

జానెడు లేని సందు

ఇప్పుడు మిషను సంగతి. నల్లమిషను ముందు కూర్చుంటే సూదికీ, కుడివైపున్న లావు స్తంభానికీ మధ్య ఒక సందు కనిపిస్తుంది. మా మిషనుకు అది ఆరున్నర అంగుళాలు, జానెడు కూడా లేదు. ఎత్తు ఐదంగుళాల లోపే. టైలరు షాపుల్లోని పవర్ మిషన్లకు పదంగుళాల పైన ఉంటుంది. చాలామంది భయం ఈ సందు దగ్గరే మొదలవుతుంది. తొంభై అంగుళాల బొంత ఆరున్నర అంగుళాల్లో దూరేదెట్లా?

దూరాల్సింది తొంభై కాదు. నడిమి వరస కుట్టేటప్పుడు సూదికి ఎడమ పక్క సగం బయటే ఉంటుంది. సందులో పట్టాల్సింది కుడి సగం, 45 అంగుళాలు. నాలుగు పొరల పాత నూలు చీర మందం ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల. 45 అంగుళాల ఆ గుడ్డను బిగించి చుడితే చుట్ట లావు ఒకటిన్నర అంగుళం. వదులుగా చుట్టినా మూడు దాటదు. హాయిగా పడుతుంది. అదే మధ్యలో సెంటీమీటరు మందం దూది పెడితే చుట్ట దాదాపు ఐదంగుళాలు అవుతుంది. అది సందు నిండా బిగుసుకుంటుంది. గంతకు తగ్గ బొంత అన్నట్టు, మన మిషనుకు తగ్గ బొంత ఏదో ముందే తేల్చుకోవాలి. దూది వేసి మెత్తగా కావాలంటే దూదేకులవాళ్ళు ఏకి, చేత్తో ముళ్ళు వేసి కుట్టే పరుపుకు సాటి వచ్చేది ఇంట్లో మిషను మీద రాదు. అయినా వేయాలనుకుంటే, బొంతను మూడు నిలువు పట్టీలుగా, ఒక్కొక్కటి ముప్పై అంగుళాల వెడల్పున విడివిడిగా కుట్టుకుని, చివర మూడింటినీ కలిపి, అతుకుల మీద సన్నటి గుడ్డ పట్టీ వేసుకోవచ్చు.

కుట్టే క్రమం కూడా ఈ సందే నిర్ణయిస్తుంది. మొదట నడిమి వరస. తర్వాత దానికి కుడివైపు వరసలు ఒకటొకటి, అంచు దాకా. ప్రతి వరసకూ సందులోని చుట్ట కొంత సన్నబడుతుంది. కుడి సగం అయ్యాక బొంతను తలకిందులు తిప్పి, మళ్ళీ నడుమ నుంచి మిగతా సగం. కష్టమంతా మొదటి నాలుగైదు వరసల్లోనే. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీ స్త్రీలు చేత్తో కుట్టే కవంది బొంతలు దీనికి నేరుగా ఎదురు. వాళ్ళు అంచుల్లో మొదలై చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. ఒక్కో పీలికనూ అప్పటికప్పుడు పెట్టి కుట్టుకుంటూ పోతారు గనుక మధ్యలో గుడ్డ ఉబ్బి ఇరుక్కుపోయే బాధ లేదు. ముందే నాలుగు పొరలు పరిచి తెచ్చుకున్న మనం అట్లా చేస్తే నడుమ బుగ్గలా లేచి కూర్చుంటుంది.

మిగతాది యాడ పెడతా ఉండావు?

బొంత సందులో పట్టింది. కుట్టు మాత్రం కుదరలేదు. వరస మొదట్లో మూడు మిల్లీమీటర్ల కుట్టు చక్కగా పడేది. రెండు జానలు పోయేసరికి కుట్లు ఒకదాని మీద ఒకటి చీమల బారులా గుమిగూడేవి. నేను విసుగొచ్చి వెనక నుంచి గుడ్డను లాగితే ఒక్కసారిగా అంగుళం దూకేది. లాగినప్పుడల్లా సూది వంగి ప్లేటుకు కొట్టుకునేది. మొదటి రోజే మూడు సూదులు విరిగాయి. తిప్పి చూస్తే అడుగు పొర అలలు అలలుగా ఉంది.

మిషనుదే తప్పనుకున్నాను. బాబిన్ కేసు విప్పి తుడిచాను, నూనె వేశాను, దారం టెన్షన్ బిగించాను, వదిలాను. ఏదీ పనిచేయక, కుట్టిన మూల ఒకటి మడిచి పట్టుకుని బజారువీధిలో ఒక ముసలి టైలరు దగ్గరికి పోయాను. ఆయన కుట్టు వైపు సరిగ్గా చూడను కూడా లేదు. “కుట్టేటప్పుడు ఈ గుడ్డ మిగతాది యాడ పెడతా ఉండావు తల్లీ?” అన్నాడు. ఎక్కడ పెడుతున్నాను? ఎక్కడా పెట్టడం లేదు. మిషను బల్ల దాటి కిందికి వేలాడుతోంది.

జరుగుతున్నది ఇది. మిషనులో గుడ్డను నొక్కి పట్టే పాదం కింద ఉన్న చిన్న పళ్ళు ఒక్కో కుట్టుకూ గుడ్డను మూడు మిల్లీమీటర్లు మాత్రం వెనక్కి తోస్తాయి. వాటికున్న పట్టు బొటనవేలంత జాగాది. నా బొంత తూకం రెండు కిలోలకు కాస్త తక్కువ. అందులో సగం బల్ల అంచు నుంచి నేలకు వేలాడితే, కిలో బరువు ఆ పళ్ళను ప్రతి కుట్టుకూ ఎదురు లాగుతూ ఉంటుంది. పళ్ళు జారతాయి, కుట్టు చిన్నదవుతుంది. మనం చేత్తో లాగితే పెద్దదవుతుంది. నునుపైన కుట్టు అనేది చేతి నేర్పని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. అందులో ముప్పాతిక బరువు మోయడమే. అవ్వ బొంతను నేల మోసేది. నా బొంతను సూది మోస్తోంది.

ఇక గదిని మార్చాం. మంచం ఎత్తు అడుగున్నర, మిషను బల్ల ఎత్తు రెండున్నర అడుగులు. మంచాన్ని జరిపి మిషనుకు ఎడమ పక్కన ఆనించి, దాని మీద నాన్న రైల్వే ఉద్యోగంలో తెచ్చుకున్న రెండు ట్రంకు పెట్టెలు పెట్టాం. ఎత్తు అచ్చంగా సరిపోయింది. పెట్టెల మీద పాత దుప్పటి కప్పి పిన్నీసులు పెట్టాం, బొంత తట్టుకోకుండా. మొదట మిషను వెనక అంచును గోడకు ఆనించాను, గుడ్డ వెనక్కి పడదు కదా అని. పడలేదు గానీ, గోడకు తగిలి కుప్పపడి తిరిగి ముందుకే తోసింది. అడుగున్నర ముందుకు జరిపి ఆ సందులో ఇస్త్రీ బల్ల ఇరికించాక గుడ్డకు పోయే దారి దొరికింది. ముందు వైపు బొంతను నా భుజం మీదుగా వేసుకుని, ఒళ్ళో కొంత కుప్పగా పెట్టుకున్నాను. చుట్టలు చుట్టి క్లిప్పులు పెట్టే పద్ధతి నాకు నచ్చలేదు. సందులో ఉన్నంత వరకే చుట్ట. మిగిలినదంతా వదులుగా, కొండల్లా పోగుపడి ఉంటేనే గుడ్డ తేలిగ్గా కదులుతుంది. చుట్టిన బొంత కర్రలా బిగుసుకుని మొత్తం ఒకేసారి కదలాలంటుంది.

అప్పటికీ ఎడమ వైపు దూరపు మూల మంచం దాటి జారుతూనే ఉంది. మా గది కప్పుకు ఒక కొక్కెం ఉంది, ఉయ్యాల కట్టుకోవడానికి ఇల్లు కట్టినప్పుడే వేసింది. దాన్నుంచి తాడు దింపి, చివర వెడల్పాటి ఎలాస్టిక్ కట్టి, బట్టల క్లిప్పులు నాలుగు వేలాడదీసి బొంత మూలను వాటికి తగిలించాను. బరువు గాల్లోకి పోయింది. ఎలాస్టిక్ కాబట్టి గుడ్డతో పాటు సాగుతుంది, వస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి: కొక్కెం ఫ్యానుకు దూరంగా ఉండాలి, లేకపోతే కుట్టినంతసేపూ ఫ్యాను ఆపి ఉంచాలి.

చిన్న గదుల్లో పుట్టిన పనితనం ఇది. రేణిగుంటకు 1862లో రైలు వచ్చింది. మద్రాసు నుంచి బొంబాయి వైపు వేస్తున్న దారి అది. తర్వాత గూడూరు, కాట్పాడి దారులు కలిసి జంక్షన్ అయింది. నేను పుట్టింది రైల్వే క్వార్టర్స్‌లో. రెండు గదుల్లో ఏడుగురం ఉండేవాళ్ళం. పగలు మంచాలు నిలబెట్టేవాళ్ళు, రాత్రి దింపేవాళ్ళు. ఇప్పుడు పక్కన విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, మా వీధిలో ఒక్కో ఇల్లు మూడు వాటాలైంది. గది పెద్దది చేసుకోవడం మన చేతిలో లేదు. మంచం, ట్రంకు పెట్టె, కొక్కెం మన చేతిలో ఉన్నాయి.

బరువు తీరాక మిగిలిన లోపం పొరలు జారడం. పళ్ళు అడుగు పొరను తోస్తాయి. పాదం పై పొరను నొక్కి పడుతుంది. అందుకే వరస పోయే కొద్దీ పైది వెనకబడుతుంది, చివర్లో మడత పడుతుంది. దీనికి వాకింగ్ ఫుట్ అని ఒక పాదం దొరుకుతుంది. దాని కొమ్మును సూది బిగించే మరమీద ఆనిస్తారు. సూది లేచి దిగే కొద్దీ ఆ పాదానికున్న పళ్ళు కూడా కదులుతూ పై పొరను కింది పొరతో సమానంగా నడిపిస్తాయి. ఇంట్లో వాడే మామూలు మిషన్లకు చాలావాటికి పడుతుంది. దానితో పాటు సూది 16 నంబరుకు మార్చాను, పాదం ఒత్తిడి కొంచెం తగ్గించాను. అడుగు పొర అలలు పోయాయి.

“మిషను కుట్టు బొంత అవుతాదా?”

రెండో వారం నుంచి అమ్మ ట్రంకు పెట్టెల అవతల గోడకు చేరగిలబడి మంచం మీద కూర్చునేది. నేను కుట్టే కొద్దీ వచ్చే గుడ్డను ఒళ్ళోకి తీసుకునేది, వరస అయ్యాక మళ్ళీ నా వైపు వదిలేది. ఆమెకు డెబ్బై దాటాయి. పెట్టెల కన్నా, కొక్కెం కన్నా ఆమె చేతులే బాగా పనిచేశాయి. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది: “అంతా బాగుండాది గానీ పాపా, మిషను కుట్టు బొంత అవుతాదా? అవ్వ బొంత మెత్తగా ఉండేది.”

ఆమె మాటలో నిజముంది. చేతికుట్టులో ఒకే దారం పైకీ కిందికీ ఈదుతూ పోతుంది. గుడ్డ వంగితే దారం కూడా వంగుతుంది. మిషను కుట్టులో పైదారం, బాబిన్ దారం ప్రతి పోటుకూ ఒకదాన్నొకటి మెలివేసి బిగించుకుంటాయి. 1846లో ఎలియాస్ హోవే అమెరికాలో పేటెంటు తీసుకున్న ఈ కుట్టు గట్టిది. ఆ గట్టితనమే బొంతను బిరుసు చేస్తుంది. అందుకని వరసల మధ్య రెండంగుళాలు వదిలాను. అంతకన్నా దగ్గరగా కుడితే బొంత చాపలా తయారవుతుంది.

ఈ ప్రశ్న అమ్మ ఒక్కతే అడగలేదు. అమెరికాలో చాలాకాలం మిషను మీద కుట్టినదాన్ని గొప్ప క్విల్టుగా లెక్కపెట్టలేదు. కెంటకీ రాష్ట్రం పడూకాలో ఏటా జరిగే పెద్ద పోటీలో 1989లో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ కుట్టిన సూర్యగ్రహణం క్విల్టుకు అత్యుత్తమ బహుమతి వచ్చింది. మిషను కుట్టుకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. దాని మీద అప్పట్లో పెద్ద వాదమే నడిచింది. నా మటుకు నేను ఆ వాదంలో ఫాలర్ట్ పక్షం. చేత్తో కుట్టడానికి అవ్వకు మిద్దె ఉంది, మధ్యాహ్నాలు ఉన్నాయి. నాకు ఉన్నవి రాత్రి ఎనిమిది నుంచి పది దాకా రెండు గంటలు. మిషను కాదంటే ఈ చీరలు మూటలోనే చిరిగిపోయేవి.

అమ్మకు ఇంకో కథ చెప్పాను. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లెలో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాడు. ఆయన పొలానికి వేసుకుపోయిన బట్టలు చించి 1942లో ఆమె ఒక క్విల్టు కుట్టుకుంది, కప్పుకుని ఆయన్ని తలుచుకోవడానికి. మోకాళ్ళ దగ్గర అరిగిన గుర్తులు కూడా అందులో అట్లాగే ఉన్నాయి. ఆ పల్లె ఆడవాళ్ళ క్విల్టులను 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో గోడలకు వేలాడదీశారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తన ఒళ్ళో ఉన్న ముక్క మీద దీపం అంటుకుని పడిన చిన్న చిల్లు ఒకటి ఉంటే దాన్ని వేలితో తడిమింది. “ఇది కార్తీక సోమవారం కాలింది” అంది.

ఆ చిల్లును నేను కప్పలేదు. చుట్టూ చేత్తో అంచు మాత్రం కుట్టాను.

మన వైపు గుడ్డకు పరదేశపు పడకలతో ఉన్న చుట్టరికం పాతది. మా ఊరి నుంచి పాతిక కిలోమీటర్లు పోతే శ్రీకాళహస్తి, కలంతో గుడ్డ మీద బొమ్మలు రాసే ఊరు. 17, 18 శతాబ్దాల్లో కోరమండల్ తీరపు రేవుల నుంచి యూరప్‌కు ఓడలెక్కిన అద్దకం గుడ్డల్లో పడక మీద పరిచేవి చాలా ఉండేవి. వాటిని పలంపోర్లు అనేవారు. పారశీకంలో మంచం కప్పే గుడ్డ అని అర్థం వచ్చే ‘పలంగ్‌పోష్’ నుంచి వచ్చిన మాట అది. అక్కడివాళ్ళు వాటికి అడుగున ఇంకో గుడ్డ, మధ్యన దూది వేసి కుట్టుకున్నారు. గిరాకీ ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి 1686లో ఫ్రాన్స్, 1721లో బ్రిటన్ ఈ గుడ్డల మీద నిషేధాలు తెచ్చాయి. చినిగిన వాటిని కూడా పారేయలేదు. పువ్వులు, పిట్టలు కత్తిరించి తెల్లగుడ్డ మీద అతికి కొత్త క్విల్టులు చేశారు. తెలుగు నేల నూలు, తెలుగు నేల రంగు లండన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. వాటి గురించి పుస్తకాలు ఉన్నాయి. మన అవ్వల బొంతల గురించి ఎవరైనా ఒక పుస్తకం రాస్తే బాగుండునని నాకు గట్టిగా ఉంది.

తొక్కుడు

గదీ గుడ్డా కుదిరాక మిగిలింది కాళ్ళూ చేతులూ కలవడం. నా మిషనుకు మోటారు పెట్టించలేదు, అందుకు ఈ పనిలో సంతోషపడ్డాను. మోటారు మొదట్లో ఒక్క ఉదుటున లాగుతుంది. తొక్కుడు మిషను మన పాదం ఎంత అడిగితే అంతే కదులుతుంది. వేగం ఎక్కువా తక్కువా కాకుండా, ఒకే జోరు. చేతులు రెండూ మిషను పాదానికి రెండు పక్కలా పరిచి ఉంచాలి. ఆ చేతుల మధ్య ఉన్న జానెడు గుడ్డే ఆ క్షణానికి బొంత మొత్తం. అంతవరకే చదునుగా, వదులుగా ఉంటే చాలు. అది అయిపోగానే ఆగాలి. ఆగేటప్పుడు సూది తప్పకుండా గుడ్డలో దిగి ఉండాలి. చక్రాన్ని చేత్తో తిప్పి దింపాలి. అప్పుడు చేతులు తీసి, వెనక గుడ్డ సర్ది, ముందు గుడ్డ దగ్గరికి తెచ్చుకుని, ఎక్కడా లాగుడు లేదని చూసుకుని మళ్ళీ జానెడు. కుట్టు చెడేది కుట్టేటప్పుడు కాదు, ఆపకుండా సర్దబోయినప్పుడు. వేళ్ళకు పట్టు దొరక్కపోతే గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేళ్ళ దగ్గర కత్తిరించి తొడుక్కోవచ్చు. నాకు అది బాగా ఉపయోగపడింది.

గీతలకు ముగ్గుపిండి అద్దిన దారం వాడాను. రెండు చివరలు బిగబట్టి నడుమ లాగి వదిలితే గుడ్డ మీద తెల్లటి గీత పడుతుంది. ఒళ్ళో, పెట్టెల మీద ఒరుసుకుని అది చెరిగిపోతుంది కాబట్టి ఒకేసారి అన్నీ కాకుండా నాలుగైదు గీతలే వేసుకోవాలి. ఒక్కో సగంలో వరసలన్నీ ఒకే అంచు నుంచి మొదలుపెట్టాలి. ఒకటి పైనుంచి, ఒకటి కింది నుంచి కుడితే రెండు వరసల మధ్య గుడ్డ ఏటవాలుగా మెలిపడుతుంది. నేను విప్పేసిన వాటిలో సగం అట్లా మెలిపడినవే.

రెండంగుళాల ఎడంతో 44 వరసలు, ఒక్కొక్కటి 108 అంగుళాలు. అంతా కలిపితే 120 మీటర్ల కుట్టు. మూడు మిల్లీమీటర్లకు ఒక పోటు చొప్పున 40 వేల పోట్లు. రాత్రికి రెండు వరసలు కుట్టేదాన్ని, ఓపిక ఉంటే మూడు. రైలు పోయినప్పుడు కిటికీ అద్దం మోగేది, అప్పుడు ఊరికే ఆగేదాన్ని.

పువ్వులు, తీగలు కుట్టాలనుకునేవాళ్ళకు ఒక మాట. మిషను పళ్ళను దించేసి, లేదా ప్లేటుతో కప్పేసి, గుడ్డను చేత్తోనే అన్ని దిక్కులకూ నడిపిస్తే సూది బొమ్మ గీస్తుంది. తిరుపతిలో జాకెట్లకు మిషను ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు రింగు బిగించి చేసేది అచ్చం ఇదే. వాళ్ళ దగ్గర పదిరోజులు కూర్చుంటే చేయి వస్తుంది. కానీ పెద్ద బొంత మీద మొదలుపెట్టకండి. తలగడ గలీబు మీద నేర్చుకోండి.

విదేశాల్లో లాంగ్ ఆర్మ్ అనే మిషన్లు ఉన్నాయి. బొంతను పది పన్నెండడుగుల చట్రానికి బిగిస్తారు. మిషను తల పట్టాల మీద ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరుగుతూ కుట్టుకుపోతుంది. గుడ్డ కదలదు, సూది కదులుతుంది. వీడియోలో మొదటిసారి చూసినప్పుడు నాకు మిద్దె మీద జరుగుతూ కుట్టిన అవ్వ కళ్ళముందు కనిపించింది. ఇన్ని లక్షలు పోసి మళ్ళీ ఆమె పద్ధతికే వచ్చారు. ఆ చట్రం పొడవు మా గదిలో పట్టదు.

చివరి వరస సంక్రాంతి పోయిన ఐదో రోజు రాత్రి కుట్టాను. చుట్టూ అంచుకు అవ్వ మూటలో మిగిలిన నూలు చీరల కొంగులే నాలుగు వేళ్ళ పట్టీలుగా చించి వేశాను. కొక్కెం నుంచి తాడు విప్పి, పెట్టెలు మంచం కిందికి తోసి, మిషను గోడ దగ్గరికి జరిపాక గది మళ్ళీ మామూలుదైంది.

పొద్దున గంజి పోయేలా బొంతను ఉతికాం. నీళ్ళు తెల్లగా వచ్చాయి, తర్వాత కొంచెం నీలంగా. తడిసిన బొంత ఒక మనిషి సులువుగా ఎత్తలేని బరువైంది. పిండడానికి వీల్లేక బకెట్ల మీద పెట్టి నీళ్ళు కారనిచ్చాం. మిద్దె మీద ఒక దండెం చాలదని రెండోది కట్టి వచ్చాను. అమ్మ ఆ చివర పట్టుకుంది, నేను ఈ చివర. మెట్ల మలుపు దగ్గర ఇద్దరం ఒకసారి ఆగాం.